ఒక్కో తరగతికి ఒక్కో బస్సు బోర్డు: శ్రీకాకుళంలో ఒక చిన్న బడి మొదటి టెర్ముపై సమీక్ష

జూన్ 12న బడి తెరిచిన సాయంత్రం మా పాప తన సంచిలోంచి ఎనిమిది పేజీల సన్నని పుస్తకం తీసి నా చేతికిచ్చింది. అట్ట మీద "మొదటి టెర్ము" అని, దాని కింద "దసరా సెలవులకు వెళ్ళేనాటికి మీ బిడ్డ చేయగలిగినవి" అని ఉంది. మా బాబు ఇంతకుముందు చదివిన పెద్ద బడివారు కూడా టెర్ము మొదట్లో ఒక కాగితం ఇచ్చేవారు గాని, దానిలో పాఠాల సంఖ్యలు, పరీక్షల తేదీలు, ఫీజు గడువులు తప్ప మరేమీ ఉండేవి కావు. ఈ పుస్తకంలో ఒకటి నుంచి అయిదు వరకు ప్రతి తరగతికీ పది పన్నెండు వాక్యాలున్నాయి. ప్రతి వాక్యమూ "చదువుతుంది", "లెక్కపెట్టి ఇస్తుంది", "గీసి చూపుతుంది" వంటి క్రియతో ముగుస్తుంది. అంటే ఇంట్లో కూర్చుని మనమే సరిచూసుకోవచ్చు. నేను ఆ మాటను అక్షరాలా పట్టించుకుని, మూడున్నర నెలల పాటు ఒక్కొక్క వాక్యాన్నీ సరిచూశాను. ఆ తనిఖీలో తేలినదే ఈ సమీక్ష.

బడి పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోలుతోపాటు లోపాలు కూడా చెప్పదలచుకున్నాను కనుక అదే మర్యాద అనుకుంటున్నాను. శ్రీకాకుళం పట్టణంలో ఏడురోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, పాత పెంకుటింటికి వెనుకవైపు డాబా గదులు కలిపి కట్టిన బడి అది. అయిదో తరగతితో సరి, ఆపైన లేదు. టెర్ముకు ఎనిమిది వేల అయిదు వందల రూపాయలు తీసుకున్నారు. పుస్తకాలు వేరు, యూనిఫాం బయట ఎక్కడైనా కుట్టించుకోవచ్చు. రాష్ట్ర సిలబస్ పుస్తకాలే వాడతారు. లెక్కలు, పరిసరాల విజ్ఞానం పుస్తకాలలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండడం నావంటి తెలుగు మీడియం తల్లికి ఎంత మేలో చెప్పలేను. మా పాప ఒకటో తరగతి, మా బాబు నాలుగు, మా తోడికోడలి కొడుకు రెండు, ఎదురింటి అమ్మాయి అయిదు. మూడో తరగతిలో మావాళ్ళెవరూ లేరు గనుక దానిని తల్లిదండ్రుల సమావేశం రోజున చూసిన మేరకే చెబుతాను.

ఒకటో తరగతి తెలుగుకు ఆ పుస్తకంలో రాసిన మాట ఇది: ఒత్తులూ, గుణింతపు గుర్తులూ లేని మాటలను, దీర్ఘం ఒక్కటే ఉన్న మాటలను బిడ్డ చూసి చదువుతుంది. చూడడానికి ఇది చాలా తక్కువగా అనిపిస్తుంది. మా అత్తగారు "మూడున్నర నెలలకు ఇంతేనా" అని పెదవి విరిచారు కూడా. కాని ఆగస్టు చివర్లో ఒక ఆదివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చున్నప్పుడు మా పాప ఎదురుగా ఆగిన బస్సు బోర్డు మీద వేలు పెట్టినట్టు గాలిలో గీస్తూ "ఆ... మ... దా... ల... వ... ల... స" అని కూడబలుక్కుని, ఒక్క క్షణం ఆగి, "అమ్మా, ఆమదాలవలస!" అని అరిచింది. ఎవరూ నేర్పని మాటను, తనకు వచ్చిన అక్షరాలతో తానే విప్పుకుంది. ఆ ఊరి పేరులో ఒక్క ఒత్తూ లేదనీ, దీర్ఘం తప్ప మరో గుర్తు లేదనీ నాకు అప్పుడే తట్టింది. తరువాత "పలాస" చదివింది, "గార" చదివింది. సొంత ఊరి పేరు మాత్రం చదవలేకపోయింది. "శ్రీకాకుళం" దగ్గర మొదటి అక్షరం చూసి చాలాసేపు మౌనంగా ఉండి, చివరికి "ఏదో కాకులం" అంది.

ఆ రోజు నుంచి బస్సు బోర్డులే నాకు కొలబద్ద అయ్యాయి. పాలకొండ, సోంపేట, పొందూరు చదవాలంటే ఎత్వ ఏత్వాలు, ఒత్వ ఓత్వాలు, కొమ్ములు, సున్న రావాలి. అవి ఒకటో తరగతి రెండో టెర్ములో వస్తాయని పుస్తకంలో ఉంది. టెక్కలి, అరసవల్లి, నరసన్నపేట చదవాలంటే అక్షరానికి అదే ఒత్తు పడే ద్విత్వం రావాలి. అది రెండో తరగతి. ఇచ్ఛాపురం, రణస్థలం, కళింగపట్నం, శ్రీకూర్మం చదవాలంటే అక్షరానికి వేరే అక్షరపు ఒత్తు పడే సంయుక్తాక్షరాలు రావాలి. అది మూడో తరగతి పని. శ్రీకాకుళం పిల్లలు తమ ఊరి పేరు చదవడానికి మూడో తరగతి దాకా ఆగవలసి రావడం ఏ సిలబస్ తప్పూ కాదు, మన లిపి నడక అటువంటిది. ఈ వరస తెలిసిన తరువాత మా అత్తగారికి కూడా ఆ "తక్కువ" ఎందుకు తక్కువో బోధపడింది.

ఒకటో తరగతి లెక్కలలో నాకు నచ్చినది చింతపిక్కల డబ్బా. పుస్తకం మాట "1 నుంచి 20 వరకు అడిగినన్ని వస్తువులు లెక్కపెట్టి ఇస్తుంది". "అంకెలు చెబుతుంది" అని రాయలేదు, "ఇస్తుంది" అని రాశారు. ఈ తేడా చిన్నది కాదు. ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు పదమూడు పిక్కలు ఇవ్వమంటే పద్నాలుగు ఇస్తారు, ఎందుకంటే నోటి వేగమూ చేతి వేగమూ కలవవు. టీచరుగారు ప్రతి పిక్కనూ ఒక గీత దాటించి ముట్టుకుంటూ లెక్కపెట్టిస్తారు. పది కాగానే చీపురు పుల్లలైతే రబ్బరు బ్యాండుతో కట్ట కట్టిస్తారు. అంకెల పేర్లు రెండు భాషలలోనూ చెప్పించడం మరో మంచి పని. ఇరవై మూడు అనే మాటలో ముందు పదులు, తరువాత ఒకట్లు, అంకెలు రాసే వరసలోనే ఉన్నాయి. ఇంగ్లీషులో థర్టీన్, ఫోర్టీన్ అనేటప్పుడు ముందు ఒకట్లు వినబడతాయి, అందువల్ల చాలామంది పిల్లలు 14ను 41గా రాస్తారు. తెలుగు సంఖ్య పక్కన ఉంటే ఆ తికమక త్వరగా వదిలింది. మా పాప ఇప్పుడు కూరల బండి దగ్గర "ఇరవై" అన్నమాట విని "ట్వంటీనా?" అని నన్ను అడగడం మానేసింది.

ఇక్కడే ఒక ఫిర్యాదు. స్కూల్ బ్యాగ్ పాలసీ 2020 ప్రకారం సంచి బరువు బిడ్డ బరువులో పదో వంతు దాటకూడదు, రెండో తరగతి వరకు ఇంటిపని ఇవ్వకూడదు. పద్దెనిమిది కిలోల మా పాప సంచిని జూలైలో కిరాణా కొట్టు కాటా మీద పెడితే రెండు కిలోల ఆరు వందల గ్రాములు తూగింది. ఆ చీటీ తీసుకెళ్ళి చూపించాను. పెద్ద టీచరుగారు వాదించలేదు. మరుసటి వారం నుంచి నోటు పుస్తకాలు తరగతి గదిలోని అరలోనే ఉంచుతున్నారు. ఇంటిపని మాత్రం నేటికీ రోజూ ఒక పేజీ వస్తోంది. "తల్లిదండ్రులే అడుగుతున్నారమ్మా" అన్నారు. అది నిజమేనని తరువాత సమావేశంలో నా చెవులతో విన్నాను.

రెండో తరగతి అంటే ఒత్తుల తరగతి. మా తోడికోడలి కొడుకు నోటు పుస్తకం చూస్తే ఈ టెర్మంతా దాదాపు ద్విత్వాక్షరాలకే కేటాయించారని తెలిసింది, అది సబబే. గ, ట, డ వంటి వాటి ఒత్తులు తల్లి అక్షరాన్ని పోలి ఉంటాయి గనుక పిల్లలు సులువుగా పట్టుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులకు తల్లి అక్షరంతో పోలిక తక్కువ. అవి విడిగా, మళ్ళీ మళ్ళీ, మాటలలో చూస్తేనే గుర్తుంటాయి. బడివారు ఈ రెండు గుంపులనూ వేరు చేసి, మొదటి గుంపును జూలైలోనే ముగించి, రెండో గుంపుకు రెండు నెలలు ఇచ్చారు. అత్త, అన్న, అమ్మ, అవ్వ, పిల్లి, వెయ్యి, పువ్వు అంటూ ఇంట్లో వినబడే మాటలతోనే నడిపారు. సెప్టెంబరు నాటికి ఆ అబ్బాయి నరసన్నపేట బోర్డు తడుముకోకుండా చదివాడు.

అయితే ఆ నోటు పుస్తకంలోనే నాకు బాధ కలిగించిన ఎర్రగీత ఒకటి కనిపించింది. "చింతపండు లోపల ఏమి ఉంటుంది?" అన్న ప్రశ్నకు వాడు "పిక్కలు" అని రాశాడు. దానిని కొట్టివేసి పైన "గింజలు" అని దిద్దారు, అరమార్కు తీసివేశారు. ఒత్తు సరిగ్గా వేసిన పిల్లవాడికి అరమార్కు పోయింది! పక్క గదిలో ఒకటో తరగతి వారు రోజూ లెక్కపెట్టేది ఆ పిక్కలనే కదా. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాలోనిదే. ఆ తేదీన తెలుగు భాషా దినోత్సవమని ఈ బడిలోనే పిల్లలకు పంచెలు కట్టించి, పరికిణీలు వేయించి, పద్యాలు చదివించారు. మన ఇళ్ళలో వాడే మాటకు అదే నెలలో మార్కు కోయడం నాకు మింగుడు పడలేదు. గింజ అనే మాట నేర్పవద్దని నేననడం లేదు. పిక్క పక్కన గింజ అని కూడా రాయిస్తే బిడ్డకు రెండు మాటలు వస్తాయి. ఈ సంగతి చెప్పినప్పుడు టీచరుగారు నవ్వి ఊరుకున్నారు, మార్కు మాత్రం తిరిగి రాలేదు.

రెండో తరగతి లెక్కల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రెండంకెల సంఖ్యలు, పదుల కట్టలు, కట్ట విప్పనవసరం లేని కూడికలు, తీసివేతలు అయ్యాయి. కట్ట విప్పి అప్పు తెచ్చుకునే తీసివేత సంక్రాంతి తరువాతకు వాయిదా పడింది. పుస్తకంలో ఈ టెర్ములోనే అవుతుందని రాసి ఉంది కనుక ఒక మాట తప్పినట్టే. తొందరపడి చేయించడం కన్నా ఇదే నయమని నా అభిప్రాయం.

మూడో తరగతిని సమావేశం రోజున చూశాను. కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి పూర్తయ్యేసరికి బిడ్డ నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి పూర్తయ్యేసరికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి; సంఖ్యలు ఒకటో తరగతికి 99, రెండుకు 999, మూడుకు 9999 దాకా రావాలి. బడివారు దీనినే మూడో తరగతికి గీటురాయిగా పెట్టుకుని, మొదటి టెర్ముకు 40 పదాలు చాలునని నిర్ణయించారు. ఈ సవరణ నాకు తెలివైనదిగా తోచింది. తెలుగులో "వెళ్ళిపోయిందనుకున్నారట" అనేది ఒక్క పదమే; ఇంగ్లీషు పదాలతో సమానంగా దానిని లెక్కపెడితే తెలుగు బిడ్డకు అన్యాయం జరుగుతుంది.

ఆనాడు ఒక డబ్బాలోంచి చీటీలు తీయించి, పిల్లలు ఎన్నడూ చూడని ఆరు వాక్యాల కథను తల్లిదండ్రుల ముందే చదివించారు. ఒక అబ్బాయికి వచ్చిన చీటీలో తాతతో సంతకు వెళ్ళిన పిల్లవాడు గాలిపటం కొనుక్కుని, ఇంటికి వస్తూ ఏడుస్తాడు. అబ్బాయి తడబడకుండానే చదివాడు. "సంతలో ఏమి కొన్నాడు?" అంటే వెంటనే "గాలిపటం" అన్నాడు. "మరి ఎందుకు ఏడ్చాడు?" అన్నప్పుడు కాగితం అటూ ఇటూ తిప్పాడు, ఎందుకంటే ఆ సమాధానం కాగితం మీద లేదు, "దారిలో వాన వచ్చింది" అన్న వాక్యం ఒక్కటే ఉంది. టీచరుగారు సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. అర నిమిషం గడిచాక వాడు "తడిసి చిరిగిపోయి ఉంటుంది టీచర్" అన్నాడు. వెనుక బెంచీ మీద వాళ్ళ నాన్నగారి ముఖం చూడవలసింది! చదవడమంటే ఏమిటో ఆ బడికి తెలుసునని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

పరిసరాల విజ్ఞానం మూడో తరగతి నుంచే విడి పుస్తకంగా మొదలవుతుంది. కుటుంబం, ఇల్లు, మొక్కలు, నీరు వంటి పాఠాలు మామూలుగానే జరిగాయి. ఎక్కాలు రెండు నుంచి అయిదు వరకు, ఆపైన పదో ఎక్కం అయ్యాయి. ఆ వరస ఎందుకో అడిగితే, పదో ఎక్కం ముందే వస్తే తొమ్మిదో ఎక్కం దానిలోంచి తీసివేసుకోవచ్చునన్నారు. ఇది నాకూ కొత్తగా తెలిసింది.

ఇక నాలుగో తరగతి, మా బాబు. వాడు జూన్‌లో ఈ బడిలో చేరేటప్పటికి భాగహారం "వచ్చు". చేరిన వారంలోనే పెట్టిన పరీక్షలో 412ను 4తో భాగించమంటే 13 అని రాశాడు. ఇంట్లో ఇదేమిట్రా అంటే "నాలుగు ఒకట్ల నాలుగు, నాలుగు మూళ్ళ పన్నెండు, సరిపోయిందమ్మా" అన్నాడు. ఎక్కం తప్పు కాదు, నడుమ సున్న ఎగిరిపోయింది. ఈ తప్పు మూడో తరగతి దాటిన పిల్లలలో చాలా సాధారణమని టీచరుగారు చెప్పి, ఆ రోజు నుంచి మూడు వారాలు వాడి చేత పలక మీద భాగహారమే చేయించలేదు. అట్టముక్కలతో చేసిన నోట్లు ఇచ్చారు: నాలుగు వంద నోట్లు, ఒక పది నోటు, రెండు రూపాయి బిళ్ళలు. నలుగురు పిల్లలను కూర్చోబెట్టి పంచమన్నారు. వందలు తలా ఒకటి ఇచ్చాడు. పది నోటు ఒక్కటే ఉంది, నలుగురికి ఎలా ఇస్తాడు? "ఎవరికీ రాలేదు" అన్నాడు. "ఎవరికీ రాలేదంటే ఎంత వచ్చినట్టు?" అని అడిగారట. వాడు "సున్న" అన్నాడు. పది నోటు మార్చి పది రూపాయి బిళ్ళలు చేసుకుని, ఉన్న రెంటితో కలిపి పన్నెండు పంచితే తలా మూడు. ఒక్కొక్కరి ముందు ఒక వంద, ఖాళీ చోటు, మూడు బిళ్ళలు. 103. ఆ ఖాళీ చోటు వాడికి ఇప్పటికీ గుర్తుంది. నిన్న 618ని 6తో భాగిస్తూ నడుమ ఆగి, తనలో తాను "ఎవరికీ రాలేదు" అనుకుని సున్న వేయడం నేను పక్కనుంచి చూశాను.

నాలుగో తరగతిలో మరో మంచి సంగతి, జెండా స్తంభం నీడ. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఎండ కాసిన ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు పిల్లలు స్తంభం నీడను టేపుతో కొలిచి, అది ఏ వైపు పడిందో రాసుకున్నారు. వాన మబ్బుల వల్ల సగం శుక్రవారాలు పోయాయి గాని, మిగిలిన వాటితోనే కథ తెలిసింది. జూన్‌లో మధ్యాహ్నపు నీడ కొద్దిగా దక్షిణానికి పడింది. జూలై ఆఖరుకు దాదాపు మాయమైంది. సెప్టెంబరులో ఉత్తరానికి పడి, మీటరు పైచిలుకు సాగింది. నడినెత్తిన సూర్యుడు అంటామే గాని, మన శ్రీకాకుళానికి సూర్యుడు నిజంగా నడినెత్తిన నిలిచేది ఏడాదికి రెండే రోజులని, జూన్‌లో మనకు ఉత్తరంగా ఉంటాడని నలభై ఏళ్ళ వయసులో నేను మా బాబు నోటు పుస్తకం చూసి తెలుసుకున్నాను. అరసవల్లి స్వామివారి పాదాలపై మార్చిలో, అక్టోబరులో మాత్రమే కిరణాలు పడడానికి కూడా సూర్యుడి ఈ జరుగుడే ఆధారమని టీచరుగారు చెప్పి, దసరా సెలవులలో ఇంట్లో పెద్దలతో వెళ్ళి గుడి ముఖం ఏ దిక్కుకు ఉందో చూసి రమ్మన్నారు. ఇంటిపని అంటే ఇటువంటిది రోజూ ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

ఇదే గదిలో గోడకు వేలాడుతున్న జిల్లా పటం మాత్రం పాతది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం విజయనగరం జిల్లాకు వెళ్ళాయి. పటంలో రెండూ ఇంకా శ్రీకాకుళంలోనే ఉన్నాయి. మా బాబు ఆ పటం చూసి పరీక్షలో రాసి తప్పు తెచ్చుకున్నాడు. నేను చెప్పగా కొత్త పటం కొంటామన్నారు. ఈలోగా పాత పటం మీదే స్కెచ్ పెన్నుతో కొత్త సరిహద్దు గీశారు. గీత కొంచెం వంకరగా పోయి, బూర్జను కూడా పక్క జిల్లాలోకి నెట్టేసింది.

అయిదో తరగతి గురించి చెప్పడానికి నాకు మనసు ఒప్పడం లేదు గాని చెప్పక తప్పదు. ఈ బడిలో నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో, ఒకే టీచరుగారి దగ్గర కూర్చుంటాయి. నాలుగో తరగతికి అన్ని నోట్లు పంచి, నీడలు కొలిచిన ఆవిడకు అయిదో తరగతికి మిగిలే సమయం తక్కువ. అందువల్ల ఆ తరగతి చదువు నల్లబల్ల మీది లెక్క దించుకోవడంగా మారింది. పుస్తకంలో ఈ టెర్ముకు లక్షల దాకా సంఖ్యలు, కారణాంకాలు, గుణిజాలు, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) ఉన్నాయి. ఎదురింటి అమ్మాయి 12, 18ల క.సా.గు. 36 అని నిచ్చెన పద్ధతిలో వేసి క్షణంలో చెప్పింది. నేను అలవాటు కొద్దీ బస్సుల దగ్గరకు వెళ్ళాను: ఒక ఊరికి 12 నిమిషాలకు ఒక బస్సు, ఇంకో ఊరికి 18 నిమిషాలకు ఒక బస్సు ఉన్నాయనుకో, ఉదయం ఆరు గంటలకు రెండూ కలిసి బయలుదేరితే మళ్ళీ ఎప్పుడు కలిసి బయలుదేరతాయి? ఆ అమ్మాయి కాసేపు నావైపు చూసి, "కూడాలా పిన్నీ, గుణించాలా?" అంది. ఆరు ముప్పై ఆరు అని తేలడానికి ఇద్దరం కూర్చుని రెండు వరసల సమయాలు రాయవలసి వచ్చింది. ఆ అమ్మాయిలో చురుకుదనానికి లోటు లేదు, క.సా.గు. అంటే ఏమిటో ఎవరూ చూపించలేదు. కింది తరగతులలో పిక్కలతో, పుల్లలతో, నోట్లతో నడిచిన బడి, సరిగ్గా లెక్క బరువెక్కే చోట చేతులెత్తేసింది. తెలుగులో కూడా నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ అన్న పేర్లు అప్పజెప్పడమే జరిగింది. ఒక సొంత లేఖ రాయిస్తారని పుస్తకంలో ఉంది, రాయించలేదు.

ఇంగ్లీషు అన్ని తరగతులలోనూ మధ్యస్థం. చిన్న తరగతులలో అక్షరాల ధ్వనులు బాగానే చెప్పిస్తున్నారు గాని, రెండో తరగతి నుంచే నాలుగు గీతల కాపీలో కలిపిరాత మీద పెడుతున్న గంటలను మాట్లాడించడం మీద పెడితే బాగుండేది. మా బాబు ముత్యాల్లాంటి కలిపిరాతతో రాసిన వాక్యానికి అర్థం అడిగితే చెప్పలేకపోయాడు. కంప్యూటరు ఒకటుంది, దాని మీద గుడ్డ కప్పి ఉంటుంది.

రెండో టెర్ముకు ఇద్దరు పిల్లలకూ ఫీజు కట్టేశాను. ఒకటి నుంచి మూడు వరకు చదివే పిల్లలుంటే ఈ బడి తప్పక చూడండి, నాలుగుకూ సరే. అయిదో తరగతిలో కొత్తగా చేర్చే ఆలోచన ఉన్నవారు మాత్రం ఆ తరగతికి వేరే గది, వేరే టీచరు ఏర్పాటయ్యారా అని ముందు కనుక్కోండి. సంక్రాంతి సెలవుల తరువాత ఏర్పాటు చేస్తామని పెద్ద టీచరుగారు నాతో అన్నారు. వచ్చే జూన్‌లో మా బాబు కూర్చునేది ఆ తరగతిలోనే గనుక, ఆ మాటను కూడా రెండో టెర్ము పుస్తకంలో ఒక వాక్యంగా అచ్చు వేయించమని అడిగాను. పుస్తకం నిన్న వచ్చింది. ఆ వాక్యం అందులో లేదు. ఒకటో తరగతి పేజీలో మాత్రం "కొమ్ము, సున్న ఉన్న మాటలను చదువుతుంది" అని ఉంది.